తివాసిమీది గుండ్లాట

క్రికెట్టును గూర్చిగాని హాకీని గూర్చిగాని మన విద్యార్థులకు వేఱుగ చెప్పనక్కరలేదు. ఏ జట్టులో నెవరెవరున్నారో, ఎవరెన్ని పరుగులు తీసిరో పాఠములకంటె వారికవియే బాగుగ కంఠస్థములు. కాని బౌల్సు అను ఆట పేరెత్తినచో పదిమందిలో తొమ్మండుగురు, అది క్రికెట్టులో బంతి విసరుటయే కాబోలు ననుకొందురు. అది వేఱు, ఇది వేఱు. ఈ ఆటకు ప్రపంచ పోటీ యొకటి కలదనియు, అదియు నాలుగు గోడల నడుమ, పైకప్పు క్రింద, తివాసి పరచిన నేలమీద జరుగుననియు తెలిసినవారు మనలో మిక్కిలి తక్కువ. ఆ పోటీని గూర్చియు, అందు దాగియున్న యొక చిత్రమైన న్యాయాన్యాయ విచారమును గూర్చియు నిచ్చట వ్రాయబూనితిని.

ముందుగా ఆట యెట్టిదో తెలిసికొనవలెను. మన బాలురు గోలీలాడునపుడు ఒక గోలీని దూరముగ నుంచి, తక్కిన గోలీలను దాని చెంతకు పంపజూతురు గదా. బౌల్సునకును మూలమదియే. ఇద్దరాడు ఆటలో మొదట నొకడు చిన్నదైన తెల్లని లేక పసుపుపచ్చని బంతిని దూరముగ దొర్లించును. దీనికి జాకు అని పేరు. అది ఆటగాడు నిలుచు చాపకు కనీసము 23 మీటర్ల యెడమున నిలువవలెను. పిమ్మట నిద్దరును వంతులవారీగా తమ తమ పెద్ద గుండ్లను, ఒక్కొక్కరు నాలుగేసి చొప్పున, ఆ జాకు దాపునకు దొర్లింతురు. అన్నియు నిలిచిన పిమ్మట ఎవని గుండు జాకునకు అతిసమీపముగ నున్నదో వానికి పాయింటు. వాని రెండవ గుండు కూడ ప్రతిపక్షివాని మేటిగుండుకంటె దగ్గరగ నున్నచో రెండు పాయింట్లు; అట్లే మూడు, నాలుగు. ఎదుటివానికి సున్న. ఇట్లొక విడత ముగిసినచో, తిరిగి ఈ కొననుండి ఆ కొనకు మఱియొక విడత. ఎవని గుండు దగ్గరయో కంటికి తెలియనిచో కొలతబద్దతో కొలుతురు. ఒక వెండ్రుకవాసి తేడాచేత ఆట మారిపోవుట ఇందు నిత్యకృత్యము.

ఇంతవరకు చదివినవారు, ఇందేమి కష్టమున్నది, చూచి తిన్నగ దొర్లించిన చాలదా యందురు. ఆ గుండు తిన్నగ పోదు. పోకుండునట్లే దానిని చేయుదురు. ఆటలోని రసమంతయు ఇచ్చటనే యున్నది.

బౌల్సు గుండు గోలీవలె నన్నివైపుల సమముగ గుండ్రనిది కాదు. దాని యొక పార్శ్వము రెండవదానికంటె కొంచెము భిన్నముగ చెక్కబడియుండును. అందుచేత దాని బరువు కేంద్రము నడిమిగీతమీద నుండక ఒక ప్రక్కకు జరిగియుండును. ఆంగ్లేయులు దీనిని బయసు అందురు. మనము మొగ్గు అందము. పూర్వము కొన్ని గుండ్లలో సీసము పోసి మొగ్గు కలిగించెడివారట. నేటి గుండ్లలో అట్టి లోహమేమియు లేదు, ఆకారమే ఆ పని చేయును. ఏ వైపునకు మొగ్గునో ఆటగాడు మరచిపోకుండుటకై ఆ పార్శ్వమున చిన్న ముద్రయు, రెండవ పార్శ్వమున పెద్ద ముద్రయు చెక్కియుండును. ముద్రను తారుమారుగ పట్టి విసరిన గుండు జాకువైపు వంగుటకు మారుగ, దానికి దూరముగ, ప్రక్క ఆటగాండ్ర నడుమకు పోవును. పేరుమోసిన ఆటగాండ్రకు సయితము ఇది తటస్థించును. అప్పుడు సభలో నవ్వు పుట్టుట సహజము.

ఇందు మఱియొక వింత యున్నది. చేతినుండి వెడలిన గుండు మొదట దాదాపు తిన్నగనే పోవును. వేగము తగ్గినకొలది వంకర హెచ్చును. కడపటి రెండు మూడు మీటర్లలో కొడవలివలె చుట్టుకొని వచ్చి జాకుచెంత నిలుచును. దీనికి కారణమేమి? మన పిల్లలు వీధులలో సైకిలుచక్రపు చట్రమును కఱ్ఱతో తరుముకొని పోవుట అందఱు చూచినదే. వేగముగ పోవునంతవరకు అది నిటారుగ నిలుచును. వేగము తగ్గగనే ఒక ప్రక్కకు వాలి, వాలినవైపునకే తిరుగును. బొంగరమును చూడుడు: గిఱ్ఱున తిరుగునంతసేపు కదలక నిద్రించినట్లుండును, భ్రమణము మందగించినకొలది దాని తల పెద్ద పెద్ద చుట్లు చుట్టును. గుండు విషయమునను ఇదియే ధర్మము. దాని నొక ప్రక్కకు వాల్చు బలము మొదటినుండి కడవరకు నించుమించుగ నొక్కటే. కాని తిరుగుడు వేగము అధికముగ నున్నపుడు ఆ బలమునకు గుండు లొంగదు. వేగము క్షీణించినపుడు లొంగును. అందుచేతనే మిక్కిలి బలముగ విసరిన గుండు నేరుగ పోయి అడ్డమున్నవానిని చెదరగొట్టగలదు. మెల్లగ విడిచిన గుండు ముందున్న గుండ్లను చుట్టివచ్చి వాని వెనుక దాగిన జాకును చేరగలదు. ఎదుటివాడు దారి మూసివేసినను వంకదారి యొకటి యెప్పుడు నుండునన్నమాట.

ఇక నేలమాట. ఈ ఆట పుట్టినది ఆరుబయట పచ్చికమీద. ఇంగ్లండు దక్షిణతీరమందలి సౌతాంప్టనులోని పాత పచ్చిక 1299వ సంవత్సరమునుండి యున్నదని చెప్పుదురు. నావికుడైన సర్ ఫ్రాన్సిసు డ్రేకు 1588లో స్పెయినుదేశపు నావికాదళము వచ్చుచున్నదని విన్నప్పుడు ప్లిమతు ఊరి మిట్టమీద ఈ ఆటయే ఆడుచుండెననియు, ఆట ముగించిన పిదప శత్రువుల సంగతి చూచుకొందమని పలికెననియు కథ యున్నది. ఆ కాలపు వ్రాతలలో నీ సంగతి లేదు. కొన్ని దశాబ్దముల పిమ్మట వెలువడినదే గావున దీనిని చరిత్రయనుటకంటె కథయనుటయే మేలు. చరిత్ర యనదగినది వేఱొకటి కలదు. ఎనిమిదవ హెన్రీ కాలమున 1541లో నొక శాసనము చేసిరి. దానిచేత పనివారు, కూలివారు, సేవకులు, పని నేర్చుకొను కుఱ్ఱలు ఈ ఆట ఆడరాదు. క్రిస్మసునాడు మాత్రము తమ యజమానుల యింట, వారి యెదుట ఆడవచ్చును. తన తోటలో గాక బయట నెక్కడ ఆడినను 6 షిల్లింగుల 8 పెన్నీల జరిమానా. ఏటికి 100 పౌనుల రాబడిగల భూస్వాములకు మాత్రము తమ యావరణమున ఆడుకొన అనుమతిపత్రము దొరకెడిది. బీదలు ఆటలలో పడి విలువిద్య మానుకొందురను భయము దీనికొక కారణము. ఇట్టి శాసనము 1845వఱకు పుస్తకములలో నిలిచియుండెను! మూడువందల యేండ్లకు పైగా నొక గుండు దొర్లించుటకు కూడ ఐశ్వర్యము కావలసివచ్చెను.

ఆ నిషేధము తొలగుటకు కొంచెము ముందే, 1830లో గ్లాస్టరుషైరులోని స్ట్రౌడు ప్రాంతమున ఎడ్విను బడ్డింగు అనునతడు గడ్డి కోయు యంత్రమును కనిపెట్టెను. కొడవలితో కోసిన పచ్చికకు, ఈ యంత్రముతో కోసిన పచ్చికకు నెంతయో భేదము. నేల నున్ననయ్యెను. 1849 ప్రాంతమున గ్లాస్గో నగరవాసి విలియం మిచ్చెల్ ఆట నియమములను క్రోడీకరించెను. 1892లో స్కాట్లండునందును, 1903లో ఇంగ్లండునందును ఈ ఆటకు సంఘము లేర్పడెను. ఇంగ్లీషు సంఘమును స్థాపించి దానికి మొదటి యధ్యక్షుడైనవాడెవడో విన్నచో మన క్రికెట్టు ప్రియులాశ్చర్యపడుదురు. పొడవైన గడ్డముతో ఆటస్థలములనెల్ల నేలిన డాక్టరు డబ్ల్యు. జి. గ్రేసు ఆయనయే.

ఈ గ్రేసుగారే ఆటను పైకప్పు క్రిందికి తెచ్చినవారిలోను నొకడు. బ్రిటను దేశమున సెప్టెంబరు నెల కడపటికి పచ్చిక ఆటస్థలములు మూతపడును. మరల వసంతమున ఏప్రిలు వచ్చువఱకు తెరువరు. చలి, మంచు, బురద. ఆటగాండ్రకు సంవత్సరమున సగము వనవాసమే. స్కాట్లండులోని ఎడింబరోలో కొందఱు దీపముల వెలుగున ఇంటిలోపల ఆడజూచిరి. లండనులోని క్రిస్టల్ ప్యాలెసు మేడలో గ్రేసుగారు ఇరువదవ శతాబ్దపు తొలియేండ్లలో తివాసి పరపించి ఆటలు నడిపించెను. అంతటినుండి చలికాలపు ఆట క్రమముగ వ్యాపించి, ఊరూర ప్రత్యేకముగ కట్టిన విశాలమైన శాలలు వెలసినవి.

తివాసిమీద ఆటస్వభావమే మారును. ఆరుబయట గాలి వీచును, వాన కురియును, మధ్యాహ్నము తడిగానున్న గడ్డి సాయంత్రమునకు ఆరును. మంచి గుండును గాలి చెడగొట్టవచ్చును. చెడ్డ గుండును గడ్డిలోని మిట్ట యొకటి బాగుపరచవచ్చును. శాలలో నిట్టివి లేవు. తివాసి గడ్డికంటె నున్నన గావున గుండు బహుదూరము పోవును. దీనిని కొలుచు పద్ధతి వినుటకు తలక్రిందులుగ తోచును. చాపనుండి సుమారు 27 మీటర్ల దూరమున నిలుచునట్లు విడిచిన గుండు చేతినుండి వెడలినది మొదలు నిలుచువఱకు ఎన్ని సెకండ్లు పట్టునో లెక్కింతురు. బ్రిటనులోని పచ్చికమీద సాధారణముగ 10 లేక 12 సెకండ్లు. శాలలోని తివాసిమీద 14, 15, అంతకు పైని. ఎక్కువ సెకండ్లు పట్టునదే వేగమైన నేల యందురు! ఏలయనగా, నున్నని నేలమీద మెల్లగ విడిచినను గుండు అంతదూరము పోవును. మెల్లగ పోవుటచేత ఎక్కువ కాలము పట్టును. గరుకునేలమీద బలముగ త్రోయవలెను. త్వరగ పోయి త్వరగ నిలుచును. మన లెక్కల తరగతివారు దీనిని గూర్చి కొంత యోచింపవచ్చును. శాలలోని జాకు సయితము బరువైనదే. ఆరుబయటి జాకు సుమారు పావుకిలో తూగగా, లోపలిది 400 గ్రాముల ప్రాంతము తూగును. లేనిచో నొక్క దెబ్బతో అది ఎచటికో పోవును. గుండు మాత్రము ఎక్కడనైనను కిలోన్నరకు కొంచెము పైవఱకు నుండవచ్చును.

ఇట్లు గాలిని, వానను, గడ్డిని తొలగించినపుడు మిగులునవి రెండే: ఏ దిక్కున విడువవలెను, ఎంత బలముతో విడువవలెను. గుండు తప్పిపోయినచో నింద మోపుటకు వాతావరణము లేదు. ఈ కారణముచేతనే లోపలి ఆట సులభమని కొందఱందురు. నాకు మాత్రము అదియే కఠినతరమని తోచుచున్నది.

ప్రపంచ పోటీ 1979లో స్కాట్లండునందు గ్లాస్గోకు సమీపమైన కోట్‌బ్రిడ్జి పట్టణమున మొదలయ్యెను. పిదప కొన్ని యేండ్లు లాంకషైరులోని ప్రెస్టను పట్టణపు గిల్డుహాలులో జరిగెను. 1999 నుండి నార్‌ఫకు తీరమున హాప్టను అను సముద్రతీర గ్రామములోని పాటర్సు విడిది దానికి నెలవైనది. జనవరి మాసమున బయట సముద్రపుగాలి కొట్టుచుండగా, లోపల వందలకొలది జనులు మెట్లమీద కూర్చుండి ఒక గుండు దొర్లుటను ఊపిరి బిగబట్టి చూచుచుందురు. స్త్రీలకు ప్రత్యేకమైన పోటీ 1988లో చేర్చబడినది.

మొదటి మూడేండ్లు, 1979, 1980, 1981లలో, గెలిచినవాడొక్కడే: ఇంగ్లండునందు సామర్సెటు మండలములోని క్లీవ్‌డను నివాసి డేవిడ్ బ్రయంట్. ఈయన కొంతకాలము బడిపంతులుగ పనిచేసినవాడని విన్నచో మన యుపాధ్యాయులు సంతసింతురు. నోట పొగగొట్టముతో, మిక్కిలి వంగి, దాదాపు గొంతుకూర్చుండి, ఆ కూర్చున్నచోటనుండి లేచుచు గుండును విడుచుట ఆయన రీతి. పొగగొట్టము మాత్రము మన బాలురకు అనుకరణీయము కాదు. ఆ పోటీకి తొలినాళ్లలో ధనసహాయము చేసినదియు సిగరెట్ల కంపెనీయే, ఆ కాలమట్టిది. పచ్చికమీది ప్రపంచ పోటీలలో సయితము బ్రయంట్ 1966, 1980, 1988 సంవత్సరములలో విజేతయయ్యెను. మొదటిదానికి కడపటిదానికి నడుమ ఇరువదిరెండేండ్లు! 2020లో, తన 88వ యేట మరణించెను.

ఈ ఆటలో వయస్సు తక్కిన ఆటలలోవలె శత్రువు కాదు. టోనీ ఆల్‌కాకు 1986, 1987లలో గెలిచి, మరల 2002లో గెలిచెను. ఆండీ థాంసను 1994, 1995లలో గెలిచి, పదునేడేండ్ల పిమ్మట 2012లో 56 యేండ్ల ప్రాయమున తిరిగి విజేతయయ్యెను. పరుగుపందెములలో గాని బంతియాటలో గాని ఇట్టిది ఊహింపగలమా? పేరునకు ప్రపంచ పోటీయే యైనను గెలిచినవారిలో స్కాట్లండు, ఇంగ్లండు, వేల్సువారే పెక్కండ్రు. 1984లో ఉత్తర ఐర్లండువాడు జిం బేకరు, 1992లో ఆస్ట్రేలియావాడు ఇయాన్ షూబాకు గెలుచుట వింతగ చెప్పుకొనదగినంత యరుదు.

ఇక నేను మొదట సూచించిన న్యాయవిచారము.

పూర్వపు పద్ధతిలో ఇద్దరాడు ఆటకు గమ్యము 21 పాయింట్లు. ఎవడు ముందుగ నచ్చటికి చేరునో వాడు గెలుచును. ఒక విడతలో నాలుగు పాయింట్లు పోగొట్టుకొన్నను మెల్లమెల్లగ కూడగట్టుకొనవచ్చును; ప్రతిపాయింటును కడవఱకు లెక్కలో నుండును. దీనివలన శ్రేష్ఠుడే సాధారణముగ గెలుచును. కాని ఆట యెప్పుడు ముగియునో చెప్పజాలము. అది టెలివిజనులో చూపువారికి తలనొప్పియయ్యెను. ఒకడు చాల ముందుకు పోయినచో చూచువారికి విసుగు. కావున ఆటను సెట్లుగ విభజించిరి. కొంతకాలము 7 పాయింట్ల సెట్లు. తరువాత తొమ్మిదేసి విడతల సెట్లు రెండు. చెరియొక సెట్టు గెలిచినచో మూడే విడతల తుదిపోరు, అందు రెండు విడతలు గెలిచినవానిదే జయము.

ఇట్లనుకొందము. ఒకడు మొదటి సెట్టును 12-3గా గెలిచెను. రెండవదానిని 5-6గా పోగొట్టుకొనెను. మొత్తముమీద వానికి 17, ఎదుటివానికి 9. పాతలెక్కలో వాడు తిరుగులేని విజేత. క్రొత్తలెక్కలో నిద్దరును సమానులు! మూడు విడతల తుదిపోరులో ఒక గుండు అంగుళము తప్పినచో పూర్వపు పరిశ్రమయంతయు వ్యర్థము. వాతావరణరూపమైన అదృష్టమును పోగొట్టుటకై గోడలు కట్టి, కప్పు వేసి, తివాసి పరచిరి గదా. ఇపుడు చూపరుల వేడుకకై ఆ యదృష్టమునే లెక్కపుస్తకముగుండ లోనికి పిలిచిరి. ఇది న్యాయమా?

న్యాయమేయని వాదించువారి మాట యిది: నియమము ఇద్దరికి నొక్కటే, ఇద్దరును దానినెఱిగియే చాపమీద కాలిడిరి. చూపరులు లేనిచో ధనము లేదు; ధనము లేనిచో పోటీయే లేదు. మఱియు సెట్లలెక్క అంతయు అదృష్టమయమైనచో ఏటేట క్రొత్తవాడు గెలువవలెను. అట్లు జరుగలేదు. స్కాట్లండువాడైన అలెక్సు మార్షలు 1999, 2003, 2004, 2007, 2008, 2015 సంవత్సరములలో ఆరుమారులు గెలిచెను. అతని దేశస్థుడే పాల్ ఫాస్టరు 1998, 2001, 2005, 2011, 2017లలో అయిదుమారులు. ఈ మార్షలే ఆరుబయట కామన్‌వెల్తు క్రీడలలో 2018 నాటికి అయిదు బంగారుపతకములు పొందెను. నేర్పరి ఏ లెక్కలోనైనను నేర్పరియే యని దీనివలన తెలియుచున్నది.

ఈ వాదము బలమైనదే. ఐనను అది పూర్తిగ సమాధానము కాదు. పదియేండ్ల లెక్కలో నేర్పరి పైకి వచ్చును, నిజమే. కాని ఆనాడు, ఆ యొక్క ఆటలో, 17 పాయింట్లు తెచ్చి 9 పాయింట్లవానిచేత ఓడినవానికి ఆ పదియేండ్ల లెక్క యేమి యోదార్పు? పరీక్షలో అన్ని పత్రములకు కలిపి మార్కులు వేయుటకు మారుగ, కడపటి ప్రశ్నకు మాత్రమే వేసినచో మన విద్యార్థులూరకుందురా? నా మతమున పాతలెక్కయే ఆటగానికి న్యాయము, క్రొత్తలెక్క చూపరికి న్యాయము. రెంటిని కలుపు మార్గమింకను ఎవరును కనుగొనలేదు.

మన దేశమునకు ఈ ఆటతో గల సంబంధము ఇటీవలిదే, అదియు పచ్చికమీదిదే. 2022 ఆగస్టు 2వ తేదీన, బర్మింగుహాము కామన్‌వెల్తు క్రీడలలో, నలుగురేసి ఆడు స్త్రీల పోటీ కడపటి ఆట లెమింగ్టను స్పా పట్టణములోని విక్టోరియా పార్కునందు జరిగెను. భారతదేశము తరఫున లవ్లీ చౌబే, పింకీ, నయన్‌మొని సైకియా, రూపారాణి తిర్కే యను నలుగురు దక్షిణాఫ్రికాతో నాడిరి. ఆ క్రీడలలో బౌల్సునందు మన దేశమునకు అంతకుముందొక్క పతకమైనను లేదు. మొదట ముందంజలో నున్న మనవారు నడుమ వెనుకబడి 8-10 అయిరి. ఆ పోటీలో సెట్లు లేవు. 15 విడతల మొత్తము లెక్కయే. అచ్చటినుండి ఎదుటివారి కొక్క పాయింటైనను ఈయక, తాము మాత్రము పాయింట్లు కూడగట్టి, 17-10గా గెలిచి బంగారుపతకము తెచ్చిరి. వారిలో లవ్లీ చౌబే అప్పుడు ఝార్ఖండు పోలీసుశాఖలో కానిస్టేబులు. నయన్‌మొని అప్పుడు అస్సాము అటవీశాఖ యుద్యోగిని. పింకీ అప్పుడు ఢిల్లీలోని యొక పాఠశాలలో వ్యాయామోపాధ్యాయిని.